కోసే పనిముట్లు, చూసే పనిముట్లు

విల్లు చేయాలన్న కోరిక పుట్టినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మిషను కొనాలండీ?" ఏదీ కొనక్కర్లేదంటే నమ్మరు. మొదటి వింటికి కావలసిన పనిముట్లు రెండు రకాలు. కోసేవి కొన్ని, చూసేవి కొన్ని. రంపం, కత్తి, ఉలి, చిత్రిక, ఆకురాయి కోసేవి. మన ఊళ్ళలో ఏ వడ్రంగి దగ్గరైనా ఉంటాయి. కర్ర ఎక్కడ ఎంత మందంగా ఉందో, ఎక్కడ వంగుతోందో, ఎక్కడ మొండికేసిందో చూపించేవి రెండో రకం. వీటిలో కొన్ని అంగట్లో దొరుకుతాయి, కొన్ని ఎవరికి వారే చేసుకోవాలి. అయినా కర్రముక్క విల్లుగా మారేది ఈ రెండో రకం పనిముట్లతోనే. దీనికి మిమ్మల్ని ఒప్పించాలనే ఇవాళ మాట్లాడుతున్నాను.

ముందుగా మనం చేయబోయే విల్లు ఎలాంటిదో చెబుతాను. విలుకాడి వైపు ఉండే ముఖాన్ని వింటి కడుపు అందాం. గురివైపు ఉండేది వీపు. నారి లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నొక్కుకుపోతుంది. చెక్క విల్లు ఫెళ్ళున విరిగిందంటే చాలాసార్లు వీపున పోగు తెగినట్టే. వెదురులో బలమైన పోగులన్నీ పై తొక్క కిందనే దట్టంగా ఉంటాయి. లోపలికి వెళ్ళేకొద్దీ పలచబడతాయి. అందుకే పలచని వెదురు బద్దను, పై ముఖం బయటికి ఉండేలా, గట్టి చెక్క పట్టీ వీపుకు అంటిస్తారు. సాగే పని వెదురుది, నలిగే పని చెక్కది. జపాన్‌లో హెయాన్ యుగం చివరినాటికి, అంటే 12వ శతాబ్దం నాటికి, చెక్క వింటి వీపున వెదురు చేరింది. తర్వాత కడుపు వైపునా చేరింది. ఈ కాలంలో అమెరికా విల్లుకారులు ఓసేజ్ ఆరెంజ్ చెక్క మీద, బ్రెజిల్ వైపు నుంచి వచ్చే ఇపె చెక్క మీద ఇదే పద్ధతిలో పనిచేస్తున్నారు.

మన దగ్గర నల్లమల చెంచుల విళ్ళు, ఆదిలాబాద్ గోండుల విళ్ళు, గోదావరి కొండల్లో కోయల విళ్ళు మరో సంప్రదాయానివి. అక్కడ వెదురైనా కర్రైనా ఒకే ముక్కలోంచి విల్లు పుడుతుంది. వాటిని తక్కువ చేసి చూడకండి. పనిముట్ల సంచీ ఎంత చిన్నగా ఉన్నా చెయ్యీ కన్నూ తెలివైనవైతే చాలని అవి చెబుతాయి. మన జాతీయ విలువిద్య పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం వెదురు విళ్ళకోసమే నడుస్తోంది కూడా. మన వింట్లో మాత్రం అంటింపు ఉంది. అందువల్ల ఒకటి రెండు పనిముట్లు ఎక్కువ కావాలి.

మొదట వెదురు. ఈ దశలో టేపు ఒక్కటే పనిముట్టు. డిపోకి వెళ్ళి బొంగు చుట్టుకొలత తీయండి. సన్నని గట్టి వెదురు, లాఠీలకు వాడేది, ఈ పనికి పనికిరాదు. దాన్ని చీలిస్తే బద్ద వీపు గుండ్రంగా వస్తుంది. గుండ్రటి వీపులో లాగుడంతా నడిమి గీత మీదే పడుతుంది. మనకు కావలసింది కనీసం 4 అంగుళాల అడ్డుకొలత ఉన్న లావుపాటి బొంగు. ముళ్ళ వెదురులో అలాంటివి దొరుకుతాయి. మూడేళ్ళకు పైబడి ముదిరినది, పుచ్చు పట్టనిది, తొక్క మీద గీతలు పడనిది చూసుకోండి. సొంత పొలం గట్టున వెదురుంటే ఇంకా మంచిది. అడవి కాని భూమిలో పెరిగిన వెదురును చెట్ల జాబితాలోంచి తీసేస్తూ 2017లో అటవీ చట్టాన్ని సవరించారు.

చీల్చడానికి బరువైన కత్తి, దాని వెన్ను మీద కొట్టడానికి ఒక కొయ్య సుత్తి చాలు. మేదర పనివారు ఉన్న ఊరైతే ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చోండి. చీలిక ఒక పక్కకు పరిగెత్తబోతే, మందంగా ఉన్న పక్కను ఎక్కువగా వంచి దాన్ని దారికి తెచ్చుకోవాలి. ఆ కిటుకు చదివితే రాదు, చేతులు చూసి నేర్చుకోవాలి. రెండంగుళాల వెడల్పు బద్ద తీయండి. పొడవు 6 అడుగులు ఉండనివ్వండి. విల్లు ఐదున్నర అడుగులే అయినా రెండు కొసల్లో మిగిలే ముక్క బల్లకు మరచీలలతో బిగించుకోవడానికి అక్కరకొస్తుంది. బద్ద అంచు బ్లేడులా కోస్తుంది, తీయగానే కాస్త గరుకు కాగితంతో రుద్ది మొండి చేయండి.

ఇక్కడ చూసే పనిముట్లలో మొదటిది వస్తుంది. వంటింటి త్రాసు. బద్దను నీడలో, గాలి తగిలేచోట పెట్టి వారానికోసారి తూచి, బరువును బద్ద కొస మీదే పెన్సిలుతో రాయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే అది ఆ వాతావరణానికి తగినంత ఆరినట్టు. పచ్చి వెదురుతో విల్లు చేస్తే ఒక్కసారి వంగి, వంగినట్టే ఉండిపోతుంది. కడుపు చెక్కకూ ఇదే పరీక్ష. తడి ఎక్కువగా ఉన్న కోస్తా గాలిలో వర్షాకాలపు తూకాన్ని నమ్మకండి, ఎండలు వచ్చాక మళ్ళీ తూచి చూడండి.

కడుపు చెక్క విషయంలో అందరూ అడిగేది టేకు గురించి. తలుపుకు టేకు గొప్పదే, మొదటి వింటికి మాత్రం నేను సలహా ఇవ్వను. నలగడానికి ఓర్చుకునే, వంచితే తిరిగి లేచే కర్ర కావాలి. పనిముట్ల పిడులకు, కావళ్ళకు పేరుపడ్డ తడ కర్ర, కొన్నిచోట్ల చరచి అంటారు, ఇలాంటిదే. ఏ కర్రైనా సరే, దాని నార ఈ కొస నుంచి ఆ కొసదాకా నిటారుగా పోవాలి. పక్క నుంచి జారిపోయే నార ఉన్న ముక్కను, ఎంత అందంగా ఉన్నా, వదిలేయండి.

రంపం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పళ్ళు పదునుగా ఉన్న చేతి రంపం ఒకటి చాలు. ఉలితో వెదురు లోపలి అడ్డుగోడలను కొట్టేయండి. అసలు కథ చిత్రికతో మొదలవుతుంది.

బద్ద లోపలి ముఖాన్ని అద్దంలా చదును చేయాలి. అంటింపు పట్టేది ఆ ముఖానికే. వెదురులో ఇసుకలోని సిలికా లాంటి పదార్థమే ఉంటుంది, అందుకే చిత్రిక అలుగు గంట తిరక్కుండానే మొద్దుబారుతుంది. కాబట్టి చిత్రిక కన్నా ముందు సానరాయి కొనండి. ఖరీదైన చిత్రిక మొద్దు అలుగుతో దండగ. పాత చిత్రికైనా అలుగు ముంజేతి మీది వెంట్రుకను తెంపేంత పదునుంటే పని జరుగుతుంది. పొరలు పలచగా రానివ్వండి, కణుపుల దగ్గర దిశ మార్చండి. వింటి నడుమ దగ్గర బద్ద మందం 3 మిల్లీమీటర్లకు, కొసల దగ్గర 2 మిల్లీమీటర్లకు రావాలి. పై తొక్క వంపు వల్ల అంచులు ఇంకా పలచబడతాయి, పడనివ్వండి. మందమైన వెదురు బలమిస్తుందనుకోవడం సహజమే కాని, అది కడుపు చెక్కను నలిపేస్తుంది. కడుపు మీద వెంట్రుకవాసి ముడతలు అడ్డంగా కనిపించాయంటే వెదురు గెలిచింది, చెక్క ఓడింది.

వెదురు పై ముఖాన్ని చిత్రిక తాకకూడదు. మైనంలా మెరిసే పొరను కత్తి వెన్నుతో గీకి, కణుపుల పొంగును సన్నని గరుకు కాగితంతో కొద్దిగా దించండి, అంతే. విల్లు ప్రాణం ఆ పై పోగుల్లోనే ఉంది.

మందాన్ని కంటితో అంచనా కట్టకండి. వెర్నియర్ కాలిపర్స్ అనే కొలత పనిముట్టు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. ప్లాస్టిక్‌ది అయినా ఫరవాలేదు. దీనికి ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. వెడల్పు రెట్టింపైతే కర్ర గట్టితనం రెట్టింపవుతుంది. మందం రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది. అంటే మందంలో చిన్న తేడా వంపులో పెద్ద తేడాగా కనబడుతుంది. విల్లు 12 మిల్లీమీటర్ల మందమున్నచోట అర మిల్లీమీటరు తీశారనుకోండి, మామూలు రాత కాగితాలు ఐదు పేర్చినంత మందమది, అక్కడి గట్టితనం దాదాపు ఎనిమిదో వంతు పోతుంది. బాడిశతో ఒక్క దెబ్బలో అంతకు నాలుగింతలు లేస్తుంది. అందుకే కడుపు చెక్కను మొదట మోటుగా దించేటప్పుడు తప్ప బాడిశ జోలికి పోవద్దంటాను.

ఇక పట్టీ గీత. నడుమ నుంచి కొసలకు సన్నబడే ఆకారం గీయడానికి దారం, పెన్సిలు, మూలమట్టం కావాలి. రెండు కొసల్లో రెండు మేకులు కొట్టి, దారం బిగువుగా లాగి, దాని నీడను నడిగీతగా గీసుకోండి. పిడి పక్కన 35 మిల్లీమీటర్ల వెడల్పు, కొసల్లో 12 మిల్లీమీటర్లు మొదటి వింటికి భద్రమైన కొలతలు. చేతితో పట్టుకునే చోట, కడుపు వైపున, అరచెయ్యంత చిన్న చెక్కముక్క వేరుగా అంటిస్తాం. ఆ పిడి భాగం వంగకూడదు, దానికి ఇరువైపులా ఉన్న రెక్కలే వంగాలి.

అంటింపు రోజు ఎక్కువ పనిముట్లు కోరే రోజు. అందరూ భయపడేది క్లాంపుల లెక్కకు. రెండు మూడు అంగుళాలకొకటి చొప్పున పొడవునా బిగించాలంటే బోలెడన్ని కావాలి. కొనకండి. పాత మోటారుసైకిలు ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, లాగి లాగి, విల్లు పొడవునా చుట్టేయండి. ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద బిగువు పెంచుతుంది. ఒత్తిడి అన్నిచోట్లా సమానంగా పడుతుంది, ఇనుప క్లాంపుల కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

ఇంతకన్నా గొప్ప పద్ధతి జపాన్‌లో ఉంది. మియాజాకి ప్రాంతంలోని మియకొనోజో వెదురు విళ్ళకు పేరుపొందిన ఊరు. అక్కడి విల్లుకారులు అంటించిన పట్టీల చుట్టూ తాడు చుట్టి, ఆ తాడు కిందికి ఒక కొస పలచగా చెక్కిన వెదురు ముక్కలను సుత్తితో దిగ్గొడతారు. ఒక వింటికి వంద దాకా పడతాయి. ఒక్కొక్కటి దిగేకొద్దీ తాడు బిగుస్తుంది. జిగురు ఆరకముందే ముక్కలను ఎక్కువ తక్కువలుగా కొడుతూ వింటికి వంపు కూడా తెచ్చేస్తారు. తాడు, వెదురు ముక్క, సుత్తి. ఈ మూడింటితో బిగింపు, వంపు రెండూ అయిపోతాయి. లోకంలో ఏ కార్ఖానా యంత్రమూ నాకు ఇంత అందంగా కనిపించదు.

మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. నిటారైన ఒక దూలం మీద విల్లు నడుమను ఆనించి, రెండు కొసల కిందా అంగుళమున్నర ఎత్తు ముక్కలు పెట్టి, వీపు పైకి ఉండేలా, ట్యూబుతో దూలానికి కట్టేయండి. లాగే వైపుకు ఎదురుగా కొంచెం వంపు నిలుస్తుంది. ఆరాక విల్లు చురుగ్గా ఉంటుంది, వాడేకొద్దీ కుంగినా ఆ కుంగు పెద్దగా బాధించదు.

జిగురు రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ రకం తీసుకోండి. అరల్డైట్ లాంటిది ఊళ్ళలో కూడా దొరుకుతుంది. నిదానంగా గట్టిపడేదే కావాలి, ఐదు నిమిషాల్లో పట్టేసే రకం విల్లు చుట్టడం పూర్తికాకముందే రాయైపోతుంది. మన వేసవి ఎండలో అది ఇంకా తొందరపడుతుంది, తెల్లవారుజామున కలుపుకోండి. అంటించే రెండు ముఖాలను విరిగిన హాక్‌సా బ్లేడు పళ్ళతో పొడవునా సన్నగా గీకాలి. నూనె గల చెక్క అయితే అసిటోన్‌తో తుడవండి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పడనివాళ్ళుంటారు, ఒకసారి పడకపోవడం మొదలైతే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక పూర్తి రోజు గడిచేదాకా విప్పకండి.

విప్పాక కొసల దగ్గర నారి కూర్చునే గాడి తీయాలి. సన్నని గుండ్రటి ఆకురాయితో, పక్కల నుంచి కడుపు వైపుకు ఏటవాలుగా తీస్తారు. ఆకురాయి వీపు మీదికి ఎక్కితే వెదురు పోగులు తెగుతాయి, కాబట్టి వీపు మీద గాడి పెట్టకుండా చిన్న చెక్కముక్క అంటించి దానిలో తీయడం మేలు.

ఇప్పుడు అసలు పని. విల్లు ఆకారంలో ఉన్నా ఇది ఇంకా విల్లు కాదు. రెండు రెక్కలు ఒకేలా, ప్రతి రెక్కా పొడవునా సాఫీగా వంగేలా కడుపు వైపు నుంచి కొద్దికొద్దిగా గీకాలి. దీనికి కోసే పనిముట్టు ఒక్కటే, అదీ పైసా ఖర్చులేనిది. పాత రంపపు రేకు ముక్క. ఆకురాయి మీద అంచు నిటారుగా రుద్ది, గుండ్రటి ఉక్కు కమ్మీతో ఆ అంచును ఒక పక్కకు నొక్కి మడిస్తే, వెంట్రుకంత కొక్కెం ఏర్పడుతుంది. అది ఉల్లిపొరలాంటి పొరలు తీస్తుంది. పగిలిన గాజుముక్కతో గీకే వడ్రంగులూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి.

చూసే పనిముట్లు మాత్రం ఇక్కడ నాలుగు కావాలి. మొదటిది వంపు స్తంభం. ఆరడుగుల పట్టెను గోడకు నిలువుగా బిగించి, పై కొసన విల్లు పిడి కూర్చునే గుంట చేయండి. కింద బావికి వాడే కప్పీ లాంటి చిన్న కప్పీ పెట్టండి. నారికి తగిలించిన తాడు కప్పీ గుండా పోయి గది అవతల నిలబడ్డ మీ చేతికి రావాలి. మీరు లాగుతారు, రెండు రెక్కలూ మీ కళ్ళ ముందు వంగుతాయి. వెనక గోడ మీద రెండంగుళాలకొకటి అడ్డగీతలు గీసి ఉంటే ఏ రెక్క వెనకబడిందో పసిపిల్లలు కూడా చెప్పగలరు. దూరంగా నిలబడి లాగడంలో ఇంకో లాభముంది. విల్లు విరిగితే ముక్కలు ఎగిరేది స్తంభం దగ్గర. అయినా కళ్ళద్దాలు పెట్టుకోకుండా తాడు పట్టుకోవద్దు.

రెండోది సామాను తూచే కొక్కెం త్రాసు. తాడుకూ నారికీ మధ్య తగిలిస్తే ఎంత బరువుతో లాగుతున్నారో చూపిస్తుంది. మొదటి వింటికి 28 అంగుళాల లాగుడు దగ్గర 16 నుంచి 18 కిలోలు పెట్టుకోండి. ఒక నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. విల్లు పూర్తయ్యేదాకా ఏ దశలోనూ ఆ బరువు మించి లాగకూడదు. పది అంగుళాల దగ్గరే 18 కిలోలు వచ్చిందా, అక్కడే ఆగి, గీకి, మళ్ళీ లాగాలి. త్రాసు లేకుండా చేసినవాళ్ళు సాధారణంగా మొదట్లోనే ఎక్కువ లాగి, చెక్కను కుంగదీసుకుంటారు.

మూడోది చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది, కాని నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆరంగుళాల పొడవున్న, ఒక ముఖం అచ్చంగా చదునుగా ఉన్న చెక్కముక్క. నడుమ బెజ్జం వేసి, అందులో బిగువుగా పట్టేలా పెన్సిలు దూర్చండి. విల్లును స్తంభం మీద కొంత వంచి ఉంచి, ఈ ముక్కను కడుపు మీద ఆనించండి. వంగిన చెక్క లోపలికి పోతుంది కాబట్టి ముక్క నడుమ సందు ఏర్పడుతుంది. సందు అన్నిటికన్నా ఎక్కువున్నచోట పెన్సిలు మొన తగిలీ తగలనట్టు సరిచేయండి. ఇక ముక్కను రెక్క పొడవునా జరపండి. ఎక్కడ చెక్క సరిగా వంగడం లేదో అక్కడ సందు తగ్గి, పెన్సిలు గీత గీస్తుంది. గీత ఉన్నచోట గీకండి. గీత లేనిచోటు వదిలేయండి. కన్ను మోసపోయేచోట కూడా ఈ ముక్క నిజం చెబుతుంది.

నాలుగోది మీ జేబులో ఉన్న ఫోను. స్తంభానికి ఎదురుగా ఒకేచోట పెట్టి, ప్రతి దశలో ఫోటో తీయండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెక్క మారిందో తేలిపోతుంది.

గీకడానికి ఒక లయ ఉంది. పది పదిహేను పొరలు తీయడం, విల్లును తక్కువ దూరం ముప్పై సార్లు మెల్లగా లాగి, మెల్లగానే వెనక్కి దించడం, అప్పుడు చూడటం. గీకిన వెంటనే చూస్తే చెక్క మార్పును చూపించదు. కాస్త పని చేయించాకే చెబుతుంది. ఒకచోట మరీ ఎక్కువగా వంగుతోందనుకోండి, ఆ చోటుకు మందు లేదు, మిగతా అంతటినీ దాని దాకా దించాలి. అందుకే, లాగేది అనుకున్న బరువు లోపే అయినా, చెక్కను కాస్త ఎక్కువ గట్టిగా ఉంచి మొదలుపెట్టమంటాను. మొదట పొడవాటి వదులు నారితో, రెక్కలు సమం అయ్యాకే పొట్టి నారితో, వింటికీ నారికీ మధ్య 6 అంగుళాలు ఉండేలా ఎక్కుపెట్టాలి. నారికి పాలియెస్టర్ దారం, డాక్రాన్ పేరుతో దొరికేది, చాలా నమ్మకమైనది. రెండు మేకులు కొట్టిన ఒక చెక్క పట్టీ ఉంటే నారి పేనడానికి సరిపోతుంది. బాణం లేకుండా నారి లాగి వదలకండి. బాణంతో పోవలసిన శక్తి అంతా వింటి మీదే తిరగబడుతుంది.

చెక్క దుమ్ము గురించి ఒక్క మాట. ఇపె లాంటి చెక్కల దుమ్ము గొంతుకూ కళ్ళకూ మంట పుట్టిస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట గీకండి. చివర్లో సన్నని గరుకు కాగితంతో నున్నచేసి, అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించండి, వానాకాలపు తేమను కొంతైనా ఆపుతుంది.

మిషన్ల సంగతి అడిగినవారికి ఇప్పుడు చెప్పగలను. బ్యాండ్ రంపం, బెల్టు సాండరు ఉంటే సమయం మిగులుతుంది. కాని మొదటి విల్లులో సమయం మిగిలించుకోవద్దు. చెక్క ఎక్కడ మొండికేస్తుందో చేతికి తెలిసేది ఆ నిదానంలోనే. మిషన్లకు పోయే డబ్బు సానరాయికి, కాలిపర్స్‌కు, కొక్కెం త్రాసుకు పెట్టండి.

వెదురు ఆరడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలలు ఖాళీగా ఉండనివ్వకండి. ఈ వారం బొంగు తెచ్చి చీల్చి, తూచి నీడన పెట్టండి. వచ్చే వారం వంపు స్తంభం గోడకు బిగించి, పెన్సిలు ముక్క చేసుకోండి. తర్వాత ఒక మామూలు వెదురు బద్దతో, ఏ అంటింపూ లేకుండా, పిల్లలు ఆడుకునేంత తేలికపాటి విల్లు చేసి, ఆ స్తంభం మీద వంచి, రేకుముక్కతో గీకి, రెండు రెక్కలు సమం చేయడం సాధన చేయండి. అసలు బద్ద ఆరేనాటికి మీ కంటికి వంపు చదవడం వచ్చి ఉంటుంది.